రందిని కొలిచే ముందు: ఆందోళనపై, ధ్యాసపై పరిశోధన చేయబోయేవారికి

కౌన్సెలింగ్ సైకాలజీలో పీహెచ్‌డీకి చేరి, మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద, చేస్తున్న పని మీద ధ్యాస నిలపడం) సాధన వల్ల ఆందోళన తగ్గుతుందా అనే అంశాన్ని ఎంచుకున్న విద్యార్థులు సాధారణంగా మొదటి ఏడాదే ఎనిమిది వారాల కార్యక్రమం ఒకటి తయారుచేసుకుంటారు. తెలిసిన కళాశాల హాస్టల్లో అనుమతి తీసుకుని, కార్యక్రమానికి ముందొకసారి, తరువాత ఒకసారి ప్రశ్నావళి నింపించి, అంకెలు తగ్గితే సిద్ధాంత గ్రంథం సగం అయిపోయినట్టే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తిరగడం మొదలుపెట్టిన నాలుగు నెలలకు, నా సంచిలో ఉన్న ప్రశ్నావళికీ నా ఎదుట కూర్చున్న మనుషుల మాటకూ పొంతన లేదని తెలిసి, పని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవలసి వచ్చింది. ఇప్పుడు మొదలుపెడితే ఏ వరుసలో చేస్తానో ఆ వరుసలోనే ఈ సూచనలు రాస్తున్నాను.

ముందుగా ప్రశ్నను కుదించుకోండి

మైండ్‌ఫుల్‌నెస్ ఆందోళనను తగ్గిస్తుందా అనేంత విశాలమైన ప్రశ్నకు మీరు కొత్తగా జవాబు వెతకనక్కరలేదు. 2014లో ‘జామా ఇంటర్నల్ మెడిసిన్’ పత్రికలో వచ్చిన సమీక్ష 47 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,515 మందిని కలిపి చూసి, ధ్యాన కార్యక్రమాల వల్ల ఆందోళన కొంతమేర తగ్గుతుందని చెప్పడానికి ఓ మోస్తరు ఆధారం ఉందని తేల్చింది. మందులు, వ్యాయామం, ఇతర మానసిక చికిత్సలతో పోల్చినప్పుడు వాటికంటే మెరుగని చెప్పే ఆధారం మాత్రం దొరకలేదని అదే సమీక్ష స్పష్టం చేసింది. 2022 చివర ‘జామా సైకియాట్రీ’ ప్రచురించిన అమెరికా ప్రయోగంలో ఆందోళన రుగ్మతలున్న 276 మంది పెద్దలను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఎనిమిది వారాల ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ ఆధారంగా ఒత్తిడిని తగ్గించే కార్యక్రమం) శిక్షణ, రెండో గుంపుకు ఆందోళనకు వాడే ఎస్సిటలోప్రామ్ మాత్రలు ఇవ్వగా, శిక్షణ మాత్రకు తీసిపోలేదని తేలింది. ఈ అమెరికా ప్రయోగం ఆసుపత్రుల్లో, శిక్షణ పొందిన బోధకులతో, పెద్ద బృందం చేసిన పని.

కాబట్టి మీకు మిగిలిన ప్రశ్న ఎవరికి, ఏ రూపంలో, దేనితో పోల్చి అన్నది. ‘దేవరకొండ ప్రాంతపు డిగ్రీ విద్యార్థినులలో ఎనిమిది వారాల సాధన, అంతే సమయం పట్టే చదువు మెళకువల తరగతుల కంటే ఎక్కువగా ఆందోళనను తగ్గిస్తుందా’ అన్నది పరిశోధించదగిన ప్రశ్న. ‘ఆధునిక జీవితంలో మైండ్‌ఫుల్‌నెస్ పాత్ర’ అన్నది ప్రసంగానికి పనికొచ్చే శీర్షిక. అంశం ఖరారు చేసుకునే ముందు, దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో పాత సిద్ధాంత గ్రంథాలను వెతికి, వాటి ఫలితాల కంటే వాటి పరిమితుల అధ్యాయాన్ని శ్రద్ధగా చదవండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సు వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు ఉంటుంది గనుక, ఒక ఏడాది మాటల మీద వెచ్చించినా నష్టం లేదు.

ఇక్కడి మనిషి తన బాధను ఏమని పిలుస్తాడు

పాఠ్యపుస్తకం ‘ఆందోళన’ అంటుంది. నల్లగొండలో ఆందోళన అంటే ముందుగా గుర్తొచ్చేది కలెక్టరేట్ ముందు ధర్నా. ఇంట్లో వాడే మాటలు వేరు: రంది, బుగులు, గాబరా, పరేషాన్, చదువుకునే పిల్లలకైతే టెన్షన్. ఇవి ఒకదానికొకటి బదులుగా వాడదగిన మాటలు కావు. బుగులు అంటే ఏదో కీడు మీద పడబోతున్నదన్న భయం. గాబరా ఒంట్లో తెలుస్తుంది, క్షణాల్లో వస్తుంది, పోతుంది. రంది మాత్రం దీర్ఘకాలం ఉంటుంది, దానికి ఒక కారణం, చాలాసార్లు ఒక మనిషి పేరు ఉంటుంది. బొంబాయికి వలసపోయిన కొడుకు మీద రంది, పెళ్లి కాని బిడ్డ మీద రంది, ఎండిపోయిన బోరు మీద రంది. అందులో భయంతో పాటు దిగులు కూడా కలిసి ఉంటుంది. అందువల్ల ప్రశ్నావళిలో ‘రంది’ అని రాస్తే మీరు ఆందోళనతో పాటు కుంగుబాటును కూడా కొలిచేస్తారు. రాయకపోతే ఎదుటివారు తమ బాధ గురించి మీరు అడగలేదనే అనుకుంటారు. దీనికి నేను కనుగొన్న మార్గం ఇది: రంది అనే మాటను సంభాషణ మొదలుపెట్టడానికి వాడుకుని, ప్రశ్నల్లో బుగులు, గాబరా వంటి మాటలతో అర్థాన్ని బిగించి, కుంగుబాటుకు తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9ను విడిగా నింపించి, రెండింటినీ వేరుచేసి చూడడం.

ప్రశ్నావళి తీసే ముందు పాతిక ముప్పై మందితో ఉత్త మాటలే మాట్లాడండి. మనసు బాగలేనప్పుడు ఏమంటారు, ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది, అప్పుడు ఎవరి దగ్గరికి పోతారు అన్న మూడు ప్రశ్నలు చాలు. గుండె దడ, నెత్తి బరువు, కాళ్లు చేతులు గుంజుడు, నిద్ర పట్టకపోవుడు అన్న జవాబులను వాళ్లు అన్నది అన్నట్టుగానే రాసుకోండి; ‘శారీరక లక్షణాలు’ అని అప్పటికప్పుడు గుదిగుచ్చి రాసుకున్న నోటు పుస్తకం తరువాత ఎందుకూ పనికిరాదు.

ఆందోళనను కొలవడానికి విద్యార్థులు ఎక్కువగా వాడేది 2006లో స్పిట్జర్ బృందం రూపొందించిన జీఏడీ-7. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. 5, 10, 15 దగ్గర తేలిక, మధ్యస్థ, తీవ్ర స్థాయిల గీతలు. దీన్ని వాడడానికి రుసుము లేదు, తెలుగు అనువాదం కూడా ఉంది. స్పీల్‌బర్గర్ ఆందోళన ప్రశ్నావళి స్టాయ్ (40 ప్రశ్నలు), బెక్ ఆందోళన సూచి (21 ప్రశ్నలు) హక్కులున్నవి, డబ్బు కట్టి అనుమతి తీసుకోవాలి. ఫొటోకాపీ దుకాణంలో దొరికిందని వాడకండి.

అయితే అనువాదం ఉందంటే మీ పని అయిపోయిందని కాదు. జీఏడీ-7లో నాలుగో ప్రశ్న, విశ్రాంతిగా ఉండడం కష్టమవుతున్నదా అన్నది. దేవరకొండ వైపు ఒక ఊళ్లో పత్తి ఏరి వచ్చి అరుగు మీద కూర్చున్న అరవై ఏళ్ల అవ్వను ఈ ప్రశ్న అడిగితే, ఆమె నా ముఖం వంక కాసేపు చూసి, “ఊకె కూసునుడు మాకెక్కడ దొరుకుతది బిడ్డా, కూసుంటె కూలెవ్వడిస్తడు?” అన్నది. రోజంతా తీరిక లేదని ఆమె చెప్పిన మాటను నేను ‘దాదాపు ప్రతిరోజూ’ కింద 3 వేసుకుంటే, పేదరికానికి ఆందోళన మార్కులు వేసినట్టు. ప్రశ్నను కొంచెం మార్చి, “పని లేనప్పుడైనా పానం నిమ్మలంగ ఉంటదా అవ్వా?” అని అడిగినప్పుడు ఆమె వెంటనే, “ఆ, పొద్దుగూకి పండుకుంటె నిమ్మలమే” అన్నది. ఆమెకు ఆ ప్రశ్నలో రావలసిన మార్కు సున్నా.

ఇటువంటి విచారణనే కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. ప్రశ్న చదివి, మీకు ఏమర్థమైంది, మీ మాటల్లో చెప్పండి, జవాబు ఎట్లా ఎంచుకున్నారు అని ఒక్కొక్కరినీ అడగడం. పది పదిహేను మందితో చేస్తే ఎక్కడెక్కడ మాట జారుతున్నదో తెలిసిపోతుంది. ఏ మార్పైనా అవసరమైతే ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి. వారిలో ఒకరైనా ఈ ప్రాంతపు మనిషి అయి ఉండాలి. రెండింటినీ కలిపి కుదిర్చాక, మూలం చూడని వ్యక్తి తిరిగి ఇంగ్లీషులోకి మార్చాలి. ఆ రెండు ఇంగ్లీషు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మార్చిన ప్రతి మాటనూ, దానికి కారణాన్నీ గ్రంథంలో అనుబంధంగా చూపాలి.

గడిచిన రెండు వారాలు అన్న గడువు కూడా చిక్కే. ఊళ్లలో వారం లెక్క అంగడితో, అంటే వారపు సంతతో, నడుస్తుంది కనుక, ‘పోయిన అంగడికి ముందటి అంగడి సంది’ అంటే జ్ఞాపకం సరిగా కుదురుతుంది. సగానికి పైగా రోజులు అన్న జవాబు చదువురానివారికి నోటితో చెబితే గందరగోళమవుతుంది. నేను సంచిలో పద్నాలుగు చింతగింజలు పెట్టుకుని తిరిగాను. రెండు వారాలలో బుగులు పుట్టిన రోజులెన్నో అన్ని గింజలు ఇటు జరపమంటే, పెద్దవాళ్లు వామనగుంటల ఆట గుర్తొచ్చి నవ్వుతూనే చాలా జాగ్రత్తగా జరిపేవారు. ఎన్ని గింజలు ఏ జవాబు కిందికి వస్తాయో ముందే రాసిపెట్టుకుని అందరికీ అదే వాడాలి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. దేవరకొండ తండాల్లో ఇంటి భాష లంబాడీ. నారాయణపేట సరిహద్దులో కన్నడం మాట్లాడే ఇళ్లున్నాయి. వాళ్లకు తెలుగు వచ్చు కదా అని తెలుగు ప్రశ్నావళి ఇచ్చేస్తే వచ్చిన అంకెకు అర్థం ఉండదు. ఆ భాషల్లో చేయగలిగితే చేయండి, లేకపోతే ఎవరిని చేర్చుకున్నారో, ఎవరిని వదిలేశారో స్పష్టంగా రాయండి.

ధ్యాస అన్న మాట, దాని కొలబద్ద

రెండో మాట మరింత కష్టపెడుతుంది. మైండ్‌ఫుల్‌నెస్ అన్నది పాళీ ‘సతి’ అన్న పదానికి 19వ శతాబ్దంలో రీస్ డేవిడ్స్ ఎంచుకున్న ఇంగ్లీషు మాట. నాగార్జునకొండ బౌద్ధ విహారాలకు పొరుగున ఉన్న జిల్లాలో ఆ మాట మళ్లీ ఇంగ్లీషు మీదుగా మన దగ్గరికి రావడం విచిత్రమే. ‘స్మృతి’ అంటే ఇప్పుడు జ్ఞాపకమనే అర్థం. ‘ధ్యానం’ అంటే హాస్టల్లో ముస్లిం, క్రైస్తవ విద్యార్థుల తల్లిదండ్రులు ఇది పూజా పునస్కారమా అని అడుగుతారు, అడగడం న్యాయమే. ‘ఎరుక’ అనే అందమైన మాట ఉంది గానీ, ఊళ్లో ఎరుక చెప్పడమంటే సోది చెప్పడం. ‘అచల’ వేదాంత సంప్రదాయపు గురువుల బోధ విన్న పెద్దవాళ్లకైతే ఎరుక అంటే వదిలించుకోవలసిన భ్రమ. చివరికి అందరికీ ఒకేలా అందిన మాట ‘ధ్యాస’. “చేసే పని మీద ధ్యాస ఉన్నదా?” అంటే పదో తరగతి పిల్లకూ అర్థమవుతుంది, పశువులు కాసే తాతకూ అర్థమవుతుంది.

కొలబద్దల్లో 2003లో బ్రౌన్, రయాన్ ప్రచురించిన ధ్యాస ప్రశ్నావళి మాస్‌లో 15 ప్రశ్నలుంటాయి, అన్నీ పరధ్యానం గురించే. పరధ్యానం లేకపోవడాన్నే ధ్యాసగా లెక్కిస్తుంది. 2006లో రూత్ బేర్ బృందం తెచ్చిన ఐదు ముఖాల ప్రశ్నావళిలో 39 ప్రశ్నలు: గమనించడం, మాటల్లో పెట్టడం, ధ్యాసతో పని చేయడం, తీర్పు చెప్పకుండా ఉండడం, వెంటనే స్పందించకుండా ఉండడం. ఈ రెండోది వాడేవారు ‘గమనించడం’ అనే భాగం దగ్గర జాగ్రత్తగా ఉండాలి. సాధన అలవాటు లేనివారిలో ఈ మార్కు ఎక్కువగా ఉండడం మానసిక ఆరోగ్యానికి గుర్తుగా పనిచేయదని రూపకర్తలకే తెలిసింది. ఎందుకో క్షేత్రంలో ఇట్టే కనబడుతుంది. గుండె దడ ఉన్న మనిషి రోజుకు ఇరవై సార్లు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటుంది. శ్వాసలో చిన్న తేడా వచ్చినా కనిపెడుతుంది. ఆ ప్రశ్నల్లో ఆమెకు మంచి మార్కులు వస్తాయి, ఆమె బుగులు మాత్రం అట్లే ఉంటుంది. గమనించిన దానికి బెదరకుండా ఉండగలుగుతున్నదా అన్నది చివరి రెండు ముఖాలు చెబుతాయి. అందువల్ల ఐదింటినీ కలిపిన మొత్తం మార్కు ఒక్కటే చూపించి ఊరుకోకుండా విడివిడిగా విశ్లేషించండి.

దేనితో పోలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు

ఒకే గుంపును ముందూ వెనుకా కొలిచి తగ్గిందని చెప్పడం పరిశోధన అనిపించుకోదని నా అభిప్రాయం. ఆందోళన ఎక్కువగా ఉన్నవారినే ఏరి తీసుకున్నప్పుడు, ఏమీ చేయకపోయినా రెండోసారి అంకె కొంత దిగుతుంది. పరీక్షలు అయిపోతే దిగుతుంది. ఎవరో వారానికోసారి వచ్చి ప్రేమగా పలకరించినా దిగుతుంది. వరుసలో నిలబెట్టి తరువాత శిక్షణ ఇస్తామన్న గుంపుతో పోలిస్తే మొదటి రెండు కారణాలు తొలగుతాయి. మూడోది తొలగాలంటే రెండో గుంపుకు కూడా అంతే సమయం, అంతే ఆదరణ ఉండే మరో కార్యక్రమం ఇవ్వాలి. చదువు మెళకువల తరగతులు దీనికి బాగా పనికొస్తాయి, ప్రిన్సిపాళ్లు కూడా సంతోషంగా ఒప్పుకుంటారు.

లెక్క ముందే వేసుకోవాలి. రెండు గుంపుల మధ్య మధ్యస్థమైన తేడాను, అంటే కోహెన్ డీ 0.5ను, 80 శాతం శక్తితో (నిజంగా ఉన్న తేడా దొరికే అవకాశం), 5 శాతం స్థాయిలో (లేని తేడా ఉన్నట్టు కనబడే అవకాశం) పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. ఐదుగురిలో ఒకరు మధ్యలో మానేస్తారనుకుంటే 80 మందిని చేర్చుకోవాలి. ఒకే హాస్టల్ గదిలో ఇద్దరు ఈ గుంపు, ఇద్దరు ఆ గుంపు అయితే రాత్రి పడుకునే ముందు నేర్చుకున్నదంతా పంచుకుంటారు, తేడా కరిగిపోతుంది. అందుకని విద్యార్థుల వారీగా కాక హాస్టళ్ల వారీగా విడదీస్తే మరో చిక్కు: ఒకే చోట ఉండేవారి జవాబులు కొంత ఒకేలా ఉంటాయి గనుక సంఖ్య పెంచాలి. ఒక్కో హాస్టల్లో 20 మంది, ఒకే హాస్టల్ వారి జవాబుల సారూప్యం 0.05 అనుకుంటే పెంపు గుణకం 1.95, అంటే 128 మంది కావలసిన చోట 250 మంది. ఒంటరిగా, ఫెలోషిప్ డబ్బుతో, బస్సుల్లో తిరుగుతూ ఇది చేయలేనని అనిపిస్తే, సాధ్యాసాధ్యాల అధ్యయనమని పేరు పెట్టి చిన్నగా, నిజాయితీగా చేయండి. అరవై మందితో చేసి ‘నిరూపితమైంది’ అని రాయడం కంటే అది ఎంతో గౌరవప్రదం.

క్యాలెండర్ విషయంలో నేను దెబ్బతిన్నాను. నా మొదటి బ్యాచ్ ఆరో వారం బతుకమ్మతో కలిసింది. హాస్టల్ ఖాళీ అయింది, తిరిగొచ్చినవారిలో మూడో వంతు కూడా తరగతికి రాలేదు. సెలవులకు ముందే ఎనిమిది వారాలు పూర్తయ్యేలా వర్షాకాలంలో మొదలుపెట్టండి. మూడు నెలల తరువాతి కొలత పరీక్షల ముందు పడితే అంకెలు పెరుగుతాయి; రెండు గుంపులనూ ఒకే వారంలో కొలిస్తే పోలిక చెడదు. ఊళ్లలో పెద్దలతో చేసేవారు పత్తి ఏరే నెలలను, వలసలు పోయే నెలలను వదిలేయడమే మేలు.

అనుమతులు, భద్రత

విశ్వవిద్యాలయ ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకముందు ఒక్క కాగితం కూడా నింపించకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల సొంత అంగీకారం కావాలి. చదువురానివారి వేలిముద్రకు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇంటర్ పిల్లలతో పనిచేసేవారు వార్డెన్ సంతకాన్ని తల్లిదండ్రుల సంతకంగా చూపకండి. శిక్షణ ఇచ్చి ఫలితం చూసే పరిశోధన గనుక, ఇలాంటి ప్రయోగాల జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలో నమోదు చేయండి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే నమోదు జరగాలి, తరువాత కుదరదు.

జీఏడీ-7లో 10 లేదా అంతకు పైగా రావడం రోగనిర్ధారణ కాదు, మరింత పరిశీలన అవసరమన్న సూచన మాత్రమే. గుండె దడ, చెమటలు, నిద్రలేమి రక్తహీనత వల్లా, థైరాయిడ్ వల్లా రావచ్చు గనుక ముందు వైద్యుడికి చూపించుకోమనాలి. పీహెచ్‌క్యూ-9 తొమ్మిదో ప్రశ్నలో చనిపోవాలన్న ఆలోచన కనబడితే ఆ రోజే ఏం చేస్తారో ముందే కాగితం మీద ఉండాలి: ఎవరు విడిగా మాట్లాడతారు, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి ఎవరు వెంట తీసుకుపోతారు, ఇంట్లో ఎవరికి చెబుతారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరును ప్రతి సమ్మతి పత్రం మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. ప్రశ్నావళులను ఇంటికి తీసుకుపోయి వారం తరువాత మార్కులు వేద్దామనుకోవడం ఈ ఒక్క ప్రశ్న విషయంలో క్షమించరాని తప్పు.

గదిలో జరిగేది

1979లో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఎంబీఎస్ఆర్‌లో ఎనిమిది వారాలు వారానికి రెండున్నర గంటల తరగతి, ఒక రోజంతా మౌన సాధన, ఇంటి దగ్గర రోజుకు 45 నిమిషాల అభ్యాసం ఉంటాయి. రాత్రి పది దాకా స్టడీ అవర్ నడిచే హాస్టల్లో 45 నిమిషాలు దొరకవు. తగ్గించుకోండి, కాని తగ్గించినదాన్ని ఎంబీఎస్ఆర్ అని పిలవకండి. ఏం మార్చారో వారం వారం పట్టికలో చూపండి. పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లివచ్చినంత మాత్రాన ఈ కార్యక్రమం నడిపే అర్హత రాదు, రెండూ వేరు. శిక్షణ పొందిన బోధకుడి పర్యవేక్షణ ఏర్పాటు చేసుకోండి, వీలైతే బోధన వారికే అప్పగించండి. కొలతలు తీసుకునే మనిషి ఎవరు ఏ గుంపో తెలియని మూడో వ్యక్తి అయితే మంచిది.

మొదటి తరగతిలో ఎండుద్రాక్ష చేతిలో పెట్టి నిదానంగా తినమనే అభ్యాసం ఒకటుంది. పాలమూరులో దానికి పల్లికాయ మేలు. అరచేతిలో పెట్టుకుని దాని నడుములోని నొక్కును చూడడం, చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనడం, బొటనవేలితో నొక్కితే టప్పున పగలడం, పొట్టు వేళ్లకు అంటుకోవడం, నమలగానే మొదట పచ్చివాసన, తరువాత తీపి. మీ పొలంలో పండినదే కదా, ఎప్పుడైనా ఇట్లా తిన్నారా అని అడిగితే, గద్వాల నుంచి వచ్చిన అమ్మాయి, “ఏరుడే తప్ప సూసుడు లేదు మేడం” అన్నది. పల్లీ పడనివారెవరైనా ఉన్నారేమో ముందే కనుక్కోండి.

ఆ తరువాతి అడుగు శ్వాస అని పుస్తకాలు చెబుతాయి. గాబరా మనుషులకు శ్వాస మీద ధ్యాస పెట్టమంటే కొందరికి ఊపిరి ఆడనట్టు అనిపించి దడ పెరుగుతుంది. అందుకని పాదాలు నేలకు ఆనిన స్పర్శతో మొదలుపెట్టి, కళ్లు తెరిచి ఉంచుకోవచ్చని, లేచి వెళ్లిపోవచ్చని ముందే చెప్పి, శ్వాసను మూడో వారానికి జరపండి. ఎవరికి ఇబ్బంది కలిగిందో తేదీతో రాసుకోండి. మేలు ఎంత జాగ్రత్తగా లెక్కిస్తారో కీడునూ అంతే జాగ్రత్తగా లెక్కించాలి.

విశ్లేషణ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మొదటి కొలతను సహచరంగా పెట్టి, అంటే మొదట్లోనే ఉన్న తేడాను లెక్కలోకి తీసుకుని గుంపులను పోల్చే యాంకోవా చేయండి, మధ్యలో మానేసినవారిని కూడా వారి గుంపులోనే లెక్కించండి, హాస్టళ్ల వారీగా విడదీస్తే మనిషినీ హాస్టల్‌నూ విడి స్థాయిలుగా చూసే బహుళస్థాయి నమూనా వాడండి. జేఏఎస్‌పీ, ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఏ పరీక్ష చేస్తారో సమాచారం చేతికి రాకముందే రాసిపెట్టుకోండి.

రెండో గుంపుకు మాటిచ్చిన శిక్షణను సిద్ధాంత గ్రంథం సమర్పించే తేదీకి ముందే క్యాలెండర్లో రాసుకోండి. సమర్పించాక మీరు ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాదుకు వెళ్లిపోతారు, ఆ పిల్లలు పరీక్షలు రాసి ఊళ్లకు పోతారు. వాట్సాప్‌లో ఆడియో పంపి సరిపెట్టవద్దు. మొదటి గుంపుకు ఇచ్చిన ఎనిమిది వారాలే, అదే పల్లికాయతో మొదలుపెట్టి, వాళ్లకూ ఇవ్వాలి.